డబ్బా మీద 1500, వెనుక గిగాబిట్: ఒక వైఫై రూటర్‌పై నా సమీక్ష

మా అమ్మాయి ఇంట్లో ఇంటర్నెట్ వేగం ఎప్పుడు కొలిచినా 94 దగ్గరే ఆగిపోయేది. నెలనెలా డబ్బు కడుతున్నదేమో 200 ఎంబీపీఎస్‌కి, అంటే సెకనుకు 200 మెగాబిట్లకు. తెల్లవారుజామున కొలిచినా 94, రాత్రి పదింటికి కొలిచినా 94. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి ఫోను చేసిన ప్రతిసారీ ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అన్నారట. అల్లుడు గారు విసిగిపోయి కనెక్షన్ మార్చేద్దామని నిశ్చయించుకున్న వారంలో నేను మల్కాజిగిరిలో వాళ్లింటికి వెళ్లాను.

నేను 1983లో తంతి తపాలా శాఖలో చేరినవాణ్ని. రెండేళ్లకు టెలికం శాఖ వేరుపడింది, 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న వేలమందిలో నేనూ ఒకణ్ని. రాజమండ్రి, కాకినాడ, ఏలూరుల్లో పనిచేసిన కాలంలో సగం నా చేతిలో ఉన్నవి మాట్లాడే ఫోను లైన్లు కావు, బ్యాంకులకూ రేవు కార్యాలయాలకూ ఇచ్చే డేటా లైన్లు. అందుకే 94 అనే అంకె వినగానే అది నాకు తెలిసిన ముఖంలా అనిపించింది. దారిలో రద్దీ వల్ల తగ్గే వేగం పొద్దునొకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. గీత గీసినట్టు ఒకేచోట ఆగిందంటే మధ్యలో ఎక్కడో తూము చిన్నదని అర్థం.

టీవీ పక్కన ఉన్న రూటర్‌ను తిప్పి చూశాను. రెండేళ్ల కిందట కొన్నది. అట్టపెట్టె అటక మీదే ఉంది. ముందువైపు బొటనవేలంత అక్షరాలతో ‘ఏసీ1200’ అని ఉంది. వెనుక, కింది వరుసలో, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో ‘10/100 ఎంబీపీఎస్ లాన్, వాన్ పోర్టులు’ అని ఉంది. జబ్బు దొరికింది.

వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో ఇళ్లలో డబ్బు వృథా అవుతోంది. 1200 అనేది వైఫై గాలిలో పంపగల వేగాల మొత్తం. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో, అంటే రేడియో దారిలో, 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 867. రెండూ కలిపితే 1167, దాన్ని 1200 చేసి అచ్చువేస్తారు. మామూలు ఫోనుకు ఆ రెండూ ఒకేసారి అందవు, ఏదో ఒక బ్యాండు మీదే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది, బయటి నుంచి ఇంటర్నెట్ రూటర్‌లోకి వచ్చేది వెనుక ఉన్న వాన్ పోర్టు ద్వారా, లాన్ పోర్టులు ఇంట్లోని పరికరాలకు. ఆ వాన్ పోర్టు 100కి మించి తీసుకోదు. డేటా ప్యాకెట్లనే చిన్న మూటలుగా వస్తుంది, ప్రతి ప్యాకెట్‌కూ చిరునామాల తల, తోక కలుస్తాయి కాబట్టి ఆ నూటిలో మన చేతికి వచ్చేది సుమారు 94. కాలువ తూము వంద నీళ్లు వదిలేదైతే పొలంలో బోదెలు ఎంత వెడల్పు తవ్వుకున్నా తడిసేది అంతే.

మా అమ్మాయి ఇదంతా విని, “అయితే నాన్నా, డబ్బా మీద అబద్ధం రాశారా?” అని అడిగింది. అబద్ధం కాదమ్మా అన్నాను. కానీ కొనేవాడికి ఏ మాట ముఖ్యమో ఆ మాటను వెనక్కి నెట్టి, పనికిరాని కూడికను ముందు పెట్టారు. నాకు ఇది నచ్చదు. ముప్పై ఏళ్లకు పైగా మాటలను సరిగ్గా వాడకపోతే లైను పనిచేయని వృత్తిలో ఉన్నాను.

వెయ్యి ఎంబీపీఎస్ దాకా తీసుకునే పోర్టులున్న, అంటే గిగాబిట్ పోర్టులున్న, కొత్తది కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. అందరూ సీటీసీ అంటారు. కంప్యూటర్ సామానుకు జంట నగరాల్లో చాలామందికి మొదట గుర్తొచ్చే చోటు. మొదటి దుకాణంలో ‘గిగాబిట్ పోర్టులున్న రూటర్ కావాలి’ అంటే, ‘అన్నీ ఒకటే సార్, యాంటెన్నాలు ఎక్కువున్నది తీసుకోండి’ అన్నారు. అక్కడి నుంచి బయటికి వచ్చేశాం. రెండో దుకాణంలో పాతికేళ్ల అబ్బాయి కూర్చుని ఉన్నాడు. అదే మాట అడిగాను. అతను తిరిగి నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు: “ప్లాన్ ఎంత అంకుల్? ఫైబర్ డబ్బా కంపెనీదేనా, అందులో వైఫై ఉందా? ఇల్లు ఎన్ని అంతస్తులు?” అమ్మేవాడు ముందు అడగడం మొదలుపెడితే ఆ దుకాణంలో కొనవచ్చు. సీలు తీసి, డబ్బా వెనుక ఉన్న వివరాల పట్టికను వేలితో చూపించి, ‘ఇదిగో, వాన్ ఒకటి, లాన్ నాలుగు, అన్నీ 10/100/1000’ అని చదివి వినిపించాడు. ఏఎక్స్1500 తరగతి వైఫై 6, అంటే ఆరో తరం వైఫై రూటర్. రూ. 3,250 ఇచ్చి తీసుకున్నాం. మూడేళ్ల వారంటీ.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి రూటర్లను చాలా కంపెనీలు దాదాపు ఒకే రకం చిప్పులతో చేస్తున్నాయి. పేరు చూసి కాకుండా పెట్టె వెనుక మాటలు చూసి కొనమని చెప్పడమే ఈ సమీక్ష పని కాబట్టి, పేరు రాస్తే అసలు విషయం పక్కకు పోతుంది.

అదే దుకాణంలో కేబుల్ కూడా తీసుకున్నాం, 20 మీటర్ల క్యాట్ 6, అంటే గిగాబిట్‌కు సరిపోయే తరగతి. ఇక్కడ ఆ అబ్బాయి చేసిన పనికి నాకు ముచ్చట వేసింది. రెండు చుట్టలు తెచ్చాడు. ఒకదాని ధర మరోదానిలో సగం. రెండింటి చివరలూ ఒలిచి, ఒక్కో తీగను బ్లేడుతో గీకాడు. ఒకటి లోపల కూడా రాగి రంగే. చౌకదాని ఎర్రపొర లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అది అల్యూమినియం, పైన రాగి పూత. మా రోజుల్లో జెల్లీ నింపిన భూగర్భ కేబుల్ తెరిచి జాయింట్ వేసేటప్పుడు కూడా మొదట చూసేది తీగ రంగే. పూత తీగ కొత్తలో పనిచేస్తుంది. దూరం పెరిగితే నిరోధం ఎక్కువై, వంచినచోట విరిగి, రెండేళ్లలో తలనొప్పి మొదలవుతుంది. కెమెరాలకు అదే కేబుల్ ద్వారా కరెంటు పంపాలనుకునేవాళ్లు, అంటే పీఓఈ వాడేవాళ్లు, అటువైపు అసలు చూడవద్దు.

ఇంటికి వచ్చి రూటర్‌కన్నా ముందు కేబుల్ పని పట్టాను. కనెక్టర్‌ను అందరూ ఆర్‌జే45 అంటారు. నిక్కచ్చిగా దాని పేరు 8పీ8సీ, ఎనిమిది స్థానాలు, ఎనిమిది స్పర్శలు. ఆర్‌జే45 అని అడిగితేనే దుకాణంలో ఇస్తారు కాబట్టి ఆ మాటే వాడుదాం. కేబుల్ తొక్క అంగుళం మేర ఒలిచాను. నాలుగు పెయిర్లు, అంటే నాలుగు జంటల తీగలు, మెలిదిరిగి బయటికి వచ్చాయి. మధ్యలో ప్లాస్టిక్ ప్లస్ గుర్తులాంటి అడ్డుగోడ ఉంది, ఒక పెయిరు మాటలు మరో పెయిరుకు వినబడకుండా. దాన్ని మొదలంటా కత్తిరించి, మెలికలు విప్పి, తీగలను వరుసపెట్టాను: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. దీన్ని టీ568బీ అంటారు. రెండు చివరలా ఇదే వరుస ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య తీగలను నొక్కిపట్టి, సమంగా కత్తిరించి, కనెక్టర్‌లోకి తోసి, అవతలి కొసలో ఎనిమిది రాగి చుక్కలూ కనిపిస్తున్నాయా అని వెలుతురుకు ఎత్తి చూసి, అప్పుడు క్రింపింగ్ పట్టుకారుతో నొక్కాను.

మొదటిసారి తగిలించినప్పుడు దీపం వెలిగింది, కానీ లింకు 100 అని చూపించింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఇది చెప్పుకోదగ్గ పాఠం దొరికిన సందర్భం. ఇలాంటి కేబుల్ మీద డేటా నడిచే పద్ధతిని ఈథర్‌నెట్ అంటారు. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్‌కు రెండు పెయిర్లు చాలు, 1, 2, 3, 6 పిన్నుల మీద నడిచిపోతుంది. గిగాబిట్‌కు నాలుగు పెయిర్లూ కావాలి. నీలంలోగాని గోధుమరంగులోగాని ఒక్క తీగ అందకపోయినా, కొన్ని పరికరాలు నోరు మెదపకుండా 100కి దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కనెక్టర్ కోసి చూస్తే చివరి గోధుమరంగు తీగ అర మిల్లీమీటరు పొట్టిగా ఉంది. మళ్లీ వేశాను. ఈసారి 1000. మీ ఇంట్లో మంచి రూటర్ ఉండి కూడా వేగం 94 దగ్గర ఆగుతుంటే, దాన్ని తప్పుపట్టే ముందు గోడలో పోయిన కేబుల్‌ను పరీక్షించమనండి.

ఇక రూటర్ సంగతి.

పెట్టె తెరవగానే నాకు నచ్చింది దాని అడుగున అతికించిన చీటీ. అందులో మోడల్, వైఫై పేరు, తొలి సంకేతపదం, మ్యాక్ అడ్రసు అనే పరికరం గుర్తింపు సంఖ్య, కరెంటు అవసరం, అన్నీ చదవగలిగే అక్షరాల్లో ఉన్నాయి. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఇంట్లో నాలుగు నల్ల అడాప్టర్లు ఉంటే ఒకదాని బదులు ఒకటి తగిలించేస్తుంటారు. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు రాసినంత గానీ, ఎక్కువ గానీ ఉండవచ్చు, తక్కువైతే రూటర్ బరువైన పని మీద ఉన్నప్పుడు ఉన్నట్టుండి తిరిగి మొదలవుతుంటుంది. కరెంటు పోయినప్పుడు పనికొచ్చే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనేటప్పుడూ ఇదే లెక్క.

వాన్ పోర్టు నీలం, లాన్ పోర్టులు నలుపు. పక్కన పేర్లు అచ్చువేసి ఉన్నాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మా కాలంలో ఫోను లైను మీద డేటా పంపే మోడెమ్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆర్ఎస్-232 తీగలో 25 పిన్నులుండేవి. రెండోది ట్రాన్స్‌మిట్, మూడోది రిసీవ్. పంపేది ఎవరు, తీసుకునేది ఎవరు? కంప్యూటర్ వైపు నుంచి చూస్తే ఒకటి, మోడెమ్ వైపు నుంచి చూస్తే మరొకటి. అందుకే పరికరాలను డీటీఈ, డీసీఈ అని రెండు జాతులుగా విడదీశారు. మాటలు పుట్టేచోటు డీటీఈ, వాటిని లైను మీదికి ఎక్కించేది డీసీఈ. పిన్నుల పేర్లన్నీ డీటీఈ వైపు నుంచే. ఈ సంగతి మరిచి రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇద్దరూ ఒకే తీగ మీద వింటారు. 2, 3 తీగలను అటుదిటు చేస్తే తప్ప పలకవు. కాకినాడలో ఒక కార్యాలయంలో ఒక మధ్యాహ్నమంతా దీనికే పోయింది. ఇప్పటి ఈథర్‌నెట్ పోర్టులు ఎటు తీగ వచ్చినా తమంతట తామే సర్దుకుంటాయి. ఆ సౌఖ్యం ఎంతటిదో ఆ పిన్నులతో కుస్తీపట్టినవాళ్లకు తెలుస్తుంది.

ఈ రూటర్‌లో లోపలి మెనూలు చూశాను. ఇక్కడ నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బాను ఇంట్లో అందరూ ‘మోడెమ్’ అంటారు. దాని పేరు ఓఎన్‌టీ, ఆప్టికల్ నెట్‌వర్క్ టెర్మినల్, అద్దపు తీగలో వచ్చే వెలుగును ఈథర్‌నెట్‌గా మార్చేది. వాళ్ల ఓఎన్‌టీలోనే రూటర్ కూడా ఉంది. దాని వెనుక మనం కొన్న రూటర్‌ను మామూలుగా తగిలిస్తే, ఇంట్లోని ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పని ఇద్దరూ చేస్తారు, లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చే నాట్ పని కూడా ఇద్దరూ చేస్తారు. ఒకే ఊరికి ఇద్దరు కరణాలన్నమాట. మామూలుగా చూసుకోవడానికి అంతా బాగానే ఉంటుంది. ఇంట్లోని కెమెరాను బయటి నుంచి చూడాలన్నా, పిల్లలు ఆన్‌లైన్ ఆటలు ఆడాలన్నా, కొన్ని ఆఫీసు కనెక్షన్లకైనా చిక్కులు వస్తాయి. దీనికి మందు కొత్త రూటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలోకి మార్చడం. అప్పుడు అది చిరునామాల జోలికి పోకుండా వైఫై ఇచ్చే పని మాత్రం చేస్తుంది. ఆ మీట ఉంది, కానీ ‘అడ్వాన్స్‌డ్’ కింద, ‘సిస్టమ్’ కింద, ‘ఆపరేషన్ మోడ్’ కింద. మన దేశంలో ఫైబర్ ఉన్న ఇళ్లలో చాలావాటికి మొదట కావలసిన మీటను మూడు మెట్ల కింద పెట్టారు. తొలి అమరికలోనే ‘మీ ఫైబర్ డబ్బాలో ముందే రూటర్ ఉందా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. చేతిపుస్తకం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. అందులో డీహెచ్‌సీపీ అనే మాట పద్నాలుగు చోట్ల కనిపించింది, అదేమిటో ఒక్క చోటా చెప్పలేదు.

ఓఎన్‌టీ దగ్గరికి వచ్చాను కాబట్టి దాని పేజీ కూడా తెరిచి వెలుగు బలం చూశాను. మైనస్ 19.4 డీబీఎం. ఈ మైనస్ చూసి చాలామంది కంగారుపడతారు. డీబీఎం అంటే ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే కొలత. సున్నా అంటే సరిగ్గా ఒక మిల్లీవాటు, మైనస్ 10 అంటే అందులో పదో వంతు, మైనస్ 20 అంటే నూరో వంతు. ఈ కొలతలో మూడు మెట్లు, అంటే మూడు డెసిబెల్‌లు, దిగిన ప్రతిసారీ బలం సగమవుతుంది. ఇళ్లకు ఇచ్చే జీపాన్ అనే రకం ఫైబర్‌లో మామూలు ఓఎన్‌టీ మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య చక్కగా వింటుంది. ఒక్క తీగను వీధిలో స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు కాబట్టి వెలుగు అంత పలచబడి రావడం సహజం. మా అమ్మాయి వాళ్లది ఆరోగ్యంగా ఉంది. అంటే ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అన్నమాట నిజమే. అయితే వాన్ పోర్టు ఎంతదో చూడమని ఒక్కరైనా చెప్పి ఉంటే రెండేళ్ల చందాలో సగం వృథా అయ్యేది కాదు.

ఆ డబ్బా మీద ఎరుపు దీపం పక్కన ‘లాస్’ అని ఉంటుంది. డబ్బు నష్టం కాదు, లాస్ ఆఫ్ సిగ్నల్, వెలుగు రావడం లేదని. ఆ ఎరుపు వెలిగితే రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, చాలాసార్లు తీగ ఎక్కడో తెగో, ఊడో ఉంటుంది. ఫైబర్ తీగ చివర ఉండే ఆకుపచ్చ కనెక్టర్ కొస ఎనిమిది డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, వెలుగు తిరిగి వెనక్కి తన్నకుండా. నీలం కనెక్టర్ కొసకు ఆ వాలు ఉండదు. రెండింటినీ కలపకూడదు. ఇది పనివాళ్లు తెలుసుకోవాల్సిన మాట, కానీ ఇల్లు మారేటప్పుడు మనమే పీకి తగిలిస్తుంటాం కాబట్టి రాస్తున్నాను.

వేగం కొలతలకు వద్దాం. ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి కొలిస్తే 206. హాల్లో వైఫై మీద 204. ప్లాన్ 200 కాబట్టి ఇంతకన్నా రాదు. రూటర్ సత్తా చూడాలంటే ఇంట్లోనే రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైలు పంపాలి. రెండూ కేబుల్ మీద ఉన్నప్పుడు సెకనుకు 112 మెగాబైట్లు వచ్చింది. ఒకటి వైఫై మీద, అదే గదిలో ఉన్నప్పుడు 78 మెగాబైట్లు. ఇక్కడ బైట్లూ బిట్లూ కలగాపులగం కాకుండా చూడండి. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, కంప్యూటర్ ఫైళ్లను బైట్లలో చూపిస్తుంది. బైటుకు ఎనిమిది బిట్లు. 78 మెగాబైట్లంటే 624 ఎంబీపీఎస్. 200 ప్లాన్‌లో డౌన్‌లోడ్ 25 దగ్గర కనిపిస్తే మోసం జరిగినట్టు కాదు, అదే పూర్తి వేగం. 700 మెగాబైట్ల ఫైలు పాత రూటర్‌తో ఒక నిమిషం తీసుకునేది, ఇప్పుడు 28 సెకన్లు.

పెట్టె మీద 5 గిగాహెర్ట్జ్‌కు రాసిన 1201లో గాలిలో మనకు దక్కింది 624, అంటే సగానికి కొంచెం పైన. దీన్ని లోపంగా చెప్పను. వైఫైలో ఒకే దారి మీద పంపడం, వినడం వంతులవారీగా జరుగుతాయి, మేం హాఫ్ డూప్లెక్స్ అనేవాళ్లం. మధ్యలో అందినట్టు కబురు, పక్కింటి వైఫైకి దారివ్వడం, అన్నీ ఆ 1201లోంచే పోవాలి. మంచి రూటర్ నుంచి సగం వస్తే సంతోషించవచ్చు.

లోపమని చెప్పవలసింది మరొకటి. పెట్టె ముందు ‘వైఫై 6’ అని పెద్దగా ఉంది. వెనుక పట్టిక చదివితే ఆ ఆరో తరం 5 గిగాహెర్ట్జ్‌కే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉన్నది 802.11ఎన్, అంటే నాలుగో తరం, 300. ఏఎక్స్1500 అన్న పేరే 300, 1201 కలిపిన లెక్క. దూరపు గదిలో, స్లాబు అవతల, ఫోను 2.4కి దిగిపోయినప్పుడు మీరు వాడేది పాత వైఫైనే. రెండు బ్యాండుల్లోనూ ఆరు కావాలంటే ఏఎక్స్3000 లాంటిది చూడాలి, అది 574, 2402. ధర ఎక్కువ. ఈ ఇంటికి అవసరం లేదని మేం తీసుకోలేదు, కానీ పెట్టె ముందే ఆ మాట ఉండాల్సింది.

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మోజు పోయి గౌరవం మిగులుతుంది. నేను డేటా లైన్లు చూసిన తొలి రోజుల్లో 2400 బిట్ల మోడెమ్‌ను చాలామంది ‘2400 బాడ్’ అనేవారు. అది తప్పు. బాడ్ అంటే లైను మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క, తంతి యంత్రాలు చేసిన ఫ్రెంచి ఇంజినీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చింది. వీ.22బిస్ మోడెమ్ సెకనుకు 600 సార్లే మారేది, ఒక్కో మార్పులో నాలుగు బిట్లు ఇమిడ్చేది. ఆరువందలు నాలుగుసార్లు, 2400. మా పై అధికారి ఈ తేడాను నల్లబల్ల మీద రాసి చూపించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. వైఫై 6 చేసేదీ అదే, ఒక్కో మార్పులో పది బిట్ల దాకా ఇముడుస్తుంది. పాత రూటర్ వాడే వైఫై 5లో అది ఎనిమిది. 867 నుంచి 1201కి రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అన్ని బిట్లు ఇమిడ్చిన సంకేతాన్ని విడదీసి చదవాలంటే గోడలు అడ్డం లేని శుభ్రమైన గాలి కావాలి. అందుకే ఆ పెద్ద అంకె రూటర్ ఉన్న గదిలోనే కనిపిస్తుంది.

మేడ మీద సంగతి ఇదే చెప్పింది. కాంక్రీటు స్లాబు దాటగానే 5 గిగాహెర్ట్జ్ వేగం 160కి పడింది, మూల గదిలో 70. మా అమ్మాయి ఆఫీసు పని చేసుకునేది ఆ మూల గదిలోనే. యాంటెన్నాలు ఎటు తిప్పినా పది అటూ ఇటూ. అందుకే 20 మీటర్ల క్యాట్ 6ను మెట్ల గోడ వెంట పైకి తీసుకెళ్లి ఆమె బల్ల దగ్గర దింపాను. వైఫైతో గెలవలేనిచోట తీగ గెలుస్తుంది. ఆ గదిలో ఇప్పుడు కేబుల్ మీద 205, వీడియో సమావేశాల్లో గొంతు తెగడం ఆగిపోయింది. గొంతు తెగడానికి కారణం చాలాసార్లు వేగం తక్కువ కావడం కాదు, ప్యాకెట్లు ఒకటి వెంటనే, ఒకటి ఆలస్యంగా రావడం. దాన్ని జిట్టర్ అంటారు. మూల గదిలో వైఫై మీద అది 18 మిల్లీసెకన్ల దాకా ఊగేది, తీగ మీద ఒకటి, రెండు.

పాత ఏసీ1200ను పారేయలేదు. దాన్నీ యాక్సెస్ పాయింట్‌గా మార్చి వెనుక గదిలో, వియ్యపురాలి గారి ఫోనుకూ టీవీకీ పెట్టాను. 94 ఆ గదికి ఎక్కువే. ఒక మాట చెప్పుకోవాలి, దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్ ఉంటే చాలు, అప్పుడు దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. ఎక్స్ఛేంజీల మధ్య వేసే లైన్ల వల్ల ఆ 2 ఎంబీ నాకు పాత నేస్తం. 64 కేబీల చొప్పున 32 గదులున్న ఒకే ఒక ప్రవాహం, 2048 కేబీపీఎస్. రెండు గదులు లైను నడిపే పనికి పోగా, మిగతావాటి మీద 30 సంభాషణలు ఒకేసారి నడిచేవి. ఊరి ఎక్స్ఛేంజీకి అలాంటిది ఒక్కటి అందితే మిఠాయిలు పంచుకున్న రోజులవి.

రూటర్ వేడెక్కడం సంగతి అడిగేవాళ్లుంటారు. రెండు నెలలుగా ఏప్రిల్, మే ఎండల్లో చూశాను. పైమూత గోరువెచ్చగా ఉంటుంది, అంతే. దాన్ని టీవీ వెనుక ఇరుకులో పెట్టకుండా గోడ మీద తెరిచి ఉన్నచోట పెట్టాం. ఈ రెండు నెలల్లో ఒక్కసారే తిరిగి మొదలుపెట్టాల్సి వచ్చింది, అదీ సాఫ్ట్‌వేర్ నవీకరణకు. వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి ఉంది. పాత ఫోన్లు దానికి కలవకపోతే డబ్ల్యూపీఏ2, 3 కలిపిన మీట వాడండి. వైఫైని ఫోను ఉన్న వైపు గురిపెట్టే ‘బీమ్‌ఫార్మింగ్’, ఫోనుకు తగిన బ్యాండును తనే ఎంచే ‘స్మార్ట్ కనెక్ట్’ మొదటి నుంచే వేసి ఉన్నాయి, అలాగే ఉంచాను.

200, 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న రెండు మూడు గదుల ఇంటికి ఈ తరగతి రూటర్‌ను నిస్సంకోచంగా కొనమంటాను. ప్లాన్ 100 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే, ఇప్పుడున్నది పనిచేస్తుంటే, మార్చనక్కరలేదు. అయిదుకు నాలుగు ఇస్తాను. పోయిన ఒకటిలో సగం పెట్టె ముందు చెప్పకుండా దాచిన 2.4 సంగతికి, సగం తెలుగు లేని చేతిపుస్తకానికి.

బయలుదేరే రోజు పొద్దున అమ్మాయి ఒక చీటీల పుస్తకం తెచ్చి, “నాన్నా, నువ్వు లేనప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో రాసిపెట్టు” అంది. ఎక్స్ఛేంజీలో తీగల చట్రం మీద ప్రతి పెయిరుకూ చీటీ కట్టడం నా చేతికి అలవాటే. తెల్ల దారంతో నాలుగు చీటీలు కట్టాను. నీలం పోర్టులో తీగకు ‘ఫైబర్ డబ్బా నుంచి’. నలుపు ఒకటికి ‘టీవీ, వెనుక గది’. నలుపు రెండుకు ‘మేడ మీద ఆఫీసు బల్ల, 1000’. అడాప్టర్‌కు ‘12 వోల్టులు, ఇదే పెట్టాలి’. అల్లుడు గారు వాటిని ఫోటో తీసి పెట్టుకున్నారు.